మొక్కు పేరు చెప్పి బతికిన పొట్టేలు

గొర్రె అంటే నాకు రోత. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే ఇదంతా గొర్రెల గురించే. పుట్టింది గొర్రెలున్న ఇంట్లో, పెరిగింది గొర్రెల మధ్య, ఇవాళ నెలనెలా జీతం తీసుకుంటున్నదీ వాటి పేరు చెప్పుకునే. బడికి వెళ్ళే రోజుల్లో ఎంత కుంకుడురసం పోసి తలంటుకున్నా జడలోంచి దొడ్డి కంపు పోయేది కాదు. పక్కనున్న పిల్లలు బెంచీ చివరికి జరిగి కూర్చునేవాళ్ళు. వాళ్ళ మీద నాకు కోపం వచ్చేది కాదు, కంపు నాకూ తెలుస్తూనే ఉండేది. వానాకాలంలో తడిసిన బొచ్చు, మూత్రంలో నానిన పెంటికలు, పాలు విరిగిన పొదుగులు, అన్నీ కలిసి ఒకటే ముక్కిపోయిన వాసన.

అందులోంచి బయటపడాలనే చదివాను. చదివితే ఏమైంది? పశువుల డిప్లొమాలో సీటొచ్చింది, ఆ తర్వాత పశుసంవర్ధక సహాయకురాలి ఉద్యోగం వచ్చింది. వేసింది కూడా ఎక్కడో కాదు, సాలూరు వెళ్ళే రోడ్డుకి కొండల వైపున, మా మేనత్త ఉండే ఊళ్ళో. పారిపోయినదాన్ని పారిపోయిన చోటికే తెచ్చి దింపారు. ఈసారి చేతులకి గ్లౌజులున్నాయి, అంతే తేడా.

నేను చేరేనాటికే ఆ చుట్టుపక్కల మందల్లో బయటి రక్తం బాగా కలిసిపోయింది. ఎప్పుడో ఏదో పథకం కింద దక్షిణం వైపు నుంచి పొట్టేళ్ళని లారీల్లో తెచ్చి దించారట. పొడుగు కాళ్ళు, దవడల కిందికి వేలాడే చెవులు, నున్నటి ఒళ్ళు. ఆ ఎత్తు చూసి మావాళ్ళకి మతిపోయింది. ఉన్న నాటు పొట్టేళ్ళని కోతకి అమ్మేసి వీటిని మందల్లోకి వదిలారు. పిల్లలు నిజంగానే ఎత్తుగా పెరిగాయి. వానలు మొదలయ్యాక అసలు సంగతి బయటపడింది. మా దగ్గర వానాకాలమంతా నేల ఆరదు, మేత వరిమళ్ళ గట్ల మీదే. ఆ పొడుగు కాళ్ళవాటి గిట్టలు బురదలో మెత్తబడి, వేళ్ళ మధ్య చీము పట్టి, పురుగులు పడేవి. గిట్ట విడదీసి, లోపల తెల్లగా మెదిలే పురుగుల మీద టర్పెంటైన్ పోసి, అవి బయటికొస్తుంటే పట్టకారుతో ఒక్కొక్కటీ ఏరడం నా ఉద్యోగం. ఆ నెలల్లో సేమియా ఉప్మా ముట్టేదాన్ని కాదు. కాళ్ళు మోపలేక మోకాళ్ళ మీద దేకుతూ మేస్తున్న గొర్రె పక్కనే నిలబడి దాని ఆసామి మురిసిపోయేవాడు.

"కాలుకేటి లేమ్మా, మానుతాది. ఒళ్ళు సూడు, ఎంత ఏపుగా ఉన్నాదో!"

మనిషి మీద కూడా రోత పుట్టడం నాకు అక్కడే అలవాటైంది.

మా మేనత్త మందలో ఆ జబ్బు లేదు. ఈమె మా నాన్నకి అక్క. మామ పోయాక నలభై గొర్రెల్ని ఒక్కతే మేపుకుంటోంది. బయటి పొట్టేలు ఒక్కదాన్నీ తన మంద ఛాయలకి రానివ్వలేదు. ఆమె గొర్రెలకి ఎత్తూ లేదు, అందమూ లేదు. పొట్టి గట్టి కాళ్ళు, నల్లరాయిలాంటి గిట్టలు, ఉన్ని అనడానికి వీల్లేని గరుకు బొచ్చు. తెల్లటి ఒళ్ళు, కళ్ళ చుట్టూ, మూతి మీద, మోకాళ్ళ కింద ఎర్రమట్టి రంగు. చెవులు చిన్నవి, తోక బొటనవేలంత. ఆడవాటికి కొమ్ములుండవు. మగవాటి కొమ్ములు వెనక్కి వెళ్ళి, చెంప పక్కన ఒక్క మెలిక తిరిగి ఆగిపోతాయి. మోకాలి లోతు నీళ్ళలో మేసి వచ్చినా వాటి గిట్టకి ఏమీ కాదు. నాకు అవీ రోతే, కాకపోతే పురుగుల్లేని రోత.

ఆ మంద మొత్తానికి ఒక్కటే పెద్ద పొట్టేలు. మా దగ్గర మామూలుగా పొట్టేలు బతుకు ఏడాదే. ఏపుగా పెరిగినదాన్ని ముందు కోతకి అమ్ముతారు. గిడసబారి ఎవరూ కొననిది మిగిలిపోతుంది, మరుసటేడు మందలో ఆడవాటిని చూలు కట్టించేది అదే. మేలైనదాన్ని తినేసి, పనికిరానిదానితో వంశం నడిపించుకునే తెలివి మాది. అత్త అలా చేయదల్చుకోలేదు. కానీ ఆ పొట్టేలు మీద అందరి కన్నూ పడింది. హైవే మీద లారీ డ్రైవర్ల హోటళ్ళకి మాంసం వేసే బేరగాడు వారానికోసారి వచ్చి దాని నడుం తడిమి వెళ్ళేవాడు. అత్త మరిది కూడా అమ్మేయమని వెంటపడ్డాడు. ఒకరోజు వాళ్ళిద్దరూ తాడు పట్టుకునే వచ్చేసరికి అత్త అడ్డం నిలబడిందట.

"అది అమ్మవారిదిరా. మొక్కుకున్నాను. ముట్టినోడి సేతులు పడిపోతాయి, మరి మీ ఇష్టం."

అంతే, తాడు వెనక్కి పోయింది. మెడలో పసుపు తాడు కట్టేసింది. తర్వాత మూడేళ్ళు అమ్మవారి సంబరం వచ్చిన ప్రతిసారీ చిన్న పొట్టేలునొకదాన్ని బలిచ్చి, పెద్దది వచ్చే ఏడని చెప్పేది. అమ్మవారు కల్లోకి వచ్చి చిన్నది చాలందని ఊళ్ళో నమ్మించింది. నాకు మాత్రం పాలు పితుకుతూ అసలు మాట చెప్పింది.

"మొక్కూ లేదు, గిక్కూ లేదే. ఆ తల్లికి మాత్రం తెలీదేటి? నవ్వుకుంతాది."

ఒకేడు మే నెలాఖరున జీపు వేసుకుని ఒక శాస్త్రవేత్త మేడమ్ వచ్చింది. మా ప్రాంతపు గొర్రె ఒక జాతేనా, దాని పుట్టుక ఎక్కడిది, లక్షణాలేమిటి అని తేల్చడానికి వచ్చింది. బయటి రక్తం కలవని మందలు చూపించమని మా ఆఫీసులో నాకు పురమాయించారు. జాతి అంటే ఊళ్ళోవాళ్ళకి ఏం అర్థమైందో గానీ, కొత్త పథకమొచ్చిందనుకుని తమ దగ్గరున్న పొడుగు కాళ్ళవాటిని కడిగి, కొమ్ములకి ఆముదం రాసి వరసగా తోలుకొచ్చారు. ఒకాయన పొట్టేలు చెవులు నేలని ఊడుస్తున్నాయి, ఆయన మాత్రం మా ముత్తాతనాటి రకమని చేతిలో చెయ్యేసి ప్రమాణం చేశాడు. మేడమ్ ముందు సిగ్గుతో నాకు తల కొట్టేసినంత పనైంది. ఆవిణ్ణి నేరుగా అత్త దొడ్డికి తీసుకెళ్ళాను.

అక్కడ ఆవిడ మొహం వెలిగిపోయింది. టేపు పట్టి ఎత్తు, పొడుగు, ఛాతీ చుట్టుకొలత, చెవి, తోక, అన్నీ కొలిచాం. మెడ దగ్గర రక్తం తీసి గొట్టాల్లో పోసుకుంది. ఆ రక్తంలో తల్లి వైపు వరస వేరుగా, తండ్రి వైపు వరస వేరుగా చదవచ్చని చెప్పింది. అత్త నవ్వింది.

"తల్లి వరసకి రగతం ఎందుకమ్మా? నన్నడగండి, సెప్తాను. ఇది మచ్చదాని కూతురు. మచ్చది కుంటిదాని కూతురు. కుంటిది ఎర్రమూతిదాని కూతురు. ఎర్రమూతిదాన్ని మా అత్త నాకు ఇచ్చినాది. దానికి ముందువి ఒడిశా కొండల మీదనించి గడ్డి ఎతుక్కుంటా దిగొచ్చినాయంట."

మేడమ్ అదంతా రాసుకుంది. ఒడిశా వైపు గొర్రెకీ మా వైపు గొర్రెకీ చుట్టరికం ఉందో లేదో రక్తమే చెప్పాలంది. తర్వాత పొట్టేలు వీపు మీద చెయ్యి వేసి ఇంకో మాట చెప్పింది. ఊళ్ళోకి తెచ్చినవి మగవే కాబట్టి, కలిసిపోయిన మందల్లో కూడా పాత తల్లుల వరస ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. తండ్రి వరస అలా దొరకదు. అది తండ్రి నుంచి కొడుక్కే పోతుంది. తను తిరిగిన ఊళ్ళన్నిట్లో అది నిలిచింది ఈ ఒక్క పొట్టేలులోనే. దీని కొడుకుల్ని అత్త ఏ ఏటివి ఆ ఏడే చిన్నపిల్లలప్పుడే అమ్మేసింది, అందరూ అమ్మినట్టే. వానాకాలంలో గొర్రెలు ఎదకొచ్చి చూలు కట్టే రోజులకి ఇది ఉంటే చాలు, కొడుకుల్ని నిలుపుకోవచ్చు. జూలైలో బండి తెచ్చి దీన్ని ఒక్క నెల తమ గొర్రెల ఫారానికి తీసుకెళ్ళి మళ్ళీ దింపుతానని అత్తని ఒప్పించింది.

"ఇంత మంచి పొట్టేలు ఇన్నాళ్ళు కోతకి పోకుండా ఎలా మిగిలింది?" అని అడిగింది.

దొడ్డి చుట్టూ ఇరవై ముప్ఫైమంది మూగి ఉన్నారు. ఊరి పెద్ద కూడా ఉన్నాడు. నా నోటి దూల గురించి ఇంక ఏం చెప్పను! జీపులో వచ్చినావిడ ముందు మా అత్త తెలివి చూపించుకోవాలని నవ్వుతూ, అందరికీ వినపడేలా చెప్పేశాను.

"మొక్కని అబద్ధం చెప్పి కాపాడింది మేడమ్. అసలు మొక్కే లేదు!"

మేడమ్ నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు. అత్త పొట్టేలు మెడలో పసుపు తాడు సర్దుతూ తల ఎత్తలేదు.

ఆ రోజే, జనం వెళ్ళిపోయాక, ఇంకో పని కూడా చేశాను. వానల ముందు వేయాల్సిన చిటుక రోగం టీకా మందు నా ఐస్ పెట్టెలో ఉంది. మంద దొడ్డిలోనే కట్టి ఉంది కదా అని అత్త గొర్రెలన్నిటికీ వేసేశాను. మిగతా ఊరికి మర్నాటి నుంచి వేయాలి. మర్నాడు మేడమ్ ఇంకో నాలుగు ఊళ్ళకి తోడు రమ్మంది. జీపు ముందు సీటు, నెత్తిన టోపీ, చేతిలో టేపు. పదిహేను రోజులు ఊరేగాను. అందరూ నన్ను కూడా మేడమ్ అన్నారు. ఈలోపు టీకాల లెక్క పంపమని పైనుంచి ఫోన్ వస్తే, జీపులోనే కూర్చుని ఊరంతా పూర్తయిందని ఆన్‌లైన్లో ఎక్కించేశాను. తిరిగి వెళ్ళాక వేసేద్దాం, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. ఆ ఏడు వానలు ముందే పడ్డాయి.

లేత గడ్డి మొలిచిన వారానికి చావులు మొదలయ్యాయి. పొద్దున్న చెంగున గెంతిన పిల్ల మధ్యాహ్నానికి గాలిలోకి ఎగిరి పడి, కాళ్ళు కొట్టుకుని పోయేది. మందలో బాగా తిన్నదే ముందు పోయేది. పొట్టలు ఉబ్బి, మూతుల దగ్గర నురగతో, దారి పొడుగునా పడేసి ఉండేవి. ఈగల రొద రోడ్డు దాకా వినపడేది. ఒకదాన్ని కోసి చూశాను. మూత్రపిండం వేలితో నొక్కితే కుళ్ళిన పండులా చితికి వేళ్ళకంటుకుంది. చిటుక రోగమే. టీకా వేస్తే రాని రోగం. గ్లౌజు తీసి ఎంతసేపు కడుక్కున్నానో నాకే తెలియదు. ఆ సాయంత్రమే, కొత్త టీకా వచ్చిందని చెప్పి, మిగిలిన మందలకి గబగబా పొడిచేశాను.

రెండ్రోజుల తర్వాత పంచాయతీ ఆఫీసు ముందు ఊరు కూడింది. పెద్ద మాట్లాడాడు.

"అందరి మందల్లోనూ సావులే. అబద్దం ఆడినామె మందలో మాత్రం ఒక్కటీ సావలేదు. ఎందుకూ? అమ్మవారి సొత్తు ఆ మందలో ఉన్నాది కాబట్టి. తనదాన్ని తను ముట్టుకోదు కదా, మన మీద పడినాది. మొక్కు నోటితో అన్నాక మొక్కే. సంబరం దాకా ఆగక్కర్లేదు, వచ్చే మంగళారమే సెల్లించీండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంతమంది పెద్దమనుషులు, ఇన్ని ఫోన్లు, ఇన్ని మోటారు సైకిళ్ళు, బుర్రలో మాత్రం పేడ అనిపించింది. ఒక్క మాట చాలు. అత్త గొర్రెలకి నేను టీకా వేశాను, మీ గొర్రెలకి వేయలేదు, వేశానని అబద్ధం రాశాను. అక్కడున్న ఎవరికైనా అర్థమయ్యే మాటే. మేడమ్‌కి ఫోన్ చేసినా ఆవిడ వచ్చి అడ్డుపడేది. నోరు తెరిచాను. గొర్రెలు పోయినవాళ్ళ మొహాలు చూశాను, నా ఉద్యోగం గుర్తొచ్చింది. "అది జబ్బు మావా, అమ్మవారు కాదు," అని మాత్రం అన్నాను.

"జబ్బయితే ఈమె మందకి రాలేదేటి? సెప్పు," అన్నాడు పెద్ద.

జనం మధ్యలోంచి అత్త నా వైపు చూసింది. నేను ఫోన్‌లోకి చూశాను.

"తీసుకెల్లండి," అంది అత్త, ఎవరితోనో తెలియకుండా.

మంగళవారం అది జరిగిపోయింది. నేను చూడలేదు. కానీ మాంసం మాత్రం తిన్నాను. పంక్తిలో కూర్చోకపోతే ఏమనుకుంటారోనని కూర్చున్నాను. అడ్డాకు విస్తరిలో ముక్కలు వడ్డించారు. నాలుగేళ్ళు దాటిన పొట్టేలు కదా, ముదురుగా, పీచుగా ఉంటుందనుకున్నాను. రుచిగా ఉంది. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రుచిగానే ఉంది. పక్కాయన ఎముక పీలుస్తూ, నాటుదంటే ఇదేనన్నాడు. ఇంటికెళ్ళి గొంతులో వేలు పెట్టుకున్నా అది బయటికి రాలేదు.

జూలైలో మేడమ్ ఫోన్ చేస్తే మొక్కు చెల్లించేశారని చెప్పాను.

"అబద్ధపు మొక్కన్నారు కదమ్మా?"

"ఊళ్ళో వినలేదు మేడమ్."

"రక్తం గొట్టంలో ఉంది. కాగితం మీదకైనా ఎక్కుతుంది," అంది చివరికి. ఆవిడ గొంతులో జాలి నా మీదే. అది భరించడం తిట్టు తినడం కన్నా కష్టమైంది.

ఆ వానాకాలం అత్త గొర్రెలు పక్క మందలోని పొడుగు పొట్టేలుకి చూలు కట్టాయి. వేరే దారి లేదు. డిసెంబర్లో ఈతలు మొదలయ్యాయి. ఒకరోజు మిట్టమధ్యాహ్నం కబురొస్తే వెళ్ళాను. మచ్చదాని కూతురు నొప్పులతో పడి ఉంది. చిన్న గొర్రె, లోపల పెద్ద పిల్ల. ముందు కాళ్ళు రెండూ బయటికొచ్చి ఆగిపోయాయి. అవి ఎంత పొడుగున్నాయో చూసి నాకు అసహ్యమేసింది. అత్త తల్లి మెడ పట్టుకుంది. నేను సబ్బునీళ్ళు రాసుకుని మోచేతి దాకా చెయ్యి పెట్టి, తల సర్ది, నొప్పి వచ్చినప్పుడల్లా లాగాను. నెత్తురూ జిగురూ మొహం మీద చిందింది. చివరికి జారి పడింది. పోతుపిల్ల, బతికే ఉంది. పొడుగు చెవులు, మెత్తటి తెల్ల గిట్టలు. ఎర్రమట్టి రంగు ఒంటి మీద ఎక్కడా లేదు.

అత్త గడ్డి కుచ్చుతో దాన్ని తుడుస్తూ, దాని వైపే చూస్తూ మాట్లాడింది.

"నా మందలో ఎందుకు సావలేదో ఆ రోజే నాకు తెలుసు. జీపు వచ్చినరోజు నువ్వు నా గొర్రెలకి సూదులేసినావు. ఊళ్ళో ఇంకెవలికీ నువ్వు ఎయ్యలేదు. ఆ మాట నానంటే పొట్టేల్ని ఒగ్గేద్దురు. నీ ఉజ్జోగం పోయుండును."

"మరి చెప్పకపోయావా అత్తా?" అన్నాను. ఎంత సిగ్గులేని ప్రశ్నో అడుగుతుంటేనే తెలుస్తోంది.

"తమ్ముడి కూతురివి కదా అనుకున్నాను." పిల్ల లేచి నిలబడబోయి, ఆ పొడుగు కాళ్ళు మడతపడి మళ్ళీ కూలబడింది. అత్త దాని గిట్టని బొటనవేలితో నొక్కి చూసింది. "ఇప్పుడు ఈ కాళ్ళు సూస్తంటే, తప్పు సేసినాననిపిస్తన్నాది."

తిట్టినట్టు అనలేదు. వానొచ్చేలా ఉందన్నట్టు మామూలుగా అంది. తర్వాత లేచి, తల్లికి నీళ్ళు తేవడానికి వెళ్ళింది. నేను బకెట్లో చేతులు కడుక్కుని బండెక్కాను. మర్నాడు ఎప్పటిలాగే డ్యూటీకి వెళ్ళాను. ఇప్పటికీ వెళ్తున్నాను.